మిషను తప్పయితే ఎవర్ని అడగాలి?

నెల్లూరు సముద్రపు ఒడ్డున ఒక ఊళ్ళో రేషను దుకాణం. వరసలో ఒక ముసలావిడ వంతు వచ్చింది. నలభై ఏళ్ళు చేపలకు ఉప్పు పట్టించిన చేతులు, వల తాళ్ళు లాగిన చేతులు. బొటనవేలు మిషను మీద పెట్టింది. పడలేదు. పమిట చెంగుకు తుడుచుకుని మళ్ళీ పెట్టింది. పడలేదు. చూపుడువేలు, ఉంగరపువేలు, ఆ చెయ్యి అయ్యాక ఈ చెయ్యి, పది వేళ్ళూ అయిపోయినాయి.

"మిషను తీసుకోలేదవ్వా, రేపు రా" అన్నాడు డీలరు.

"నా వేలు నాదే గదబ్బయా! మిషనుది తప్పయితే ఎవుర్ని అడగాల?"

డీలరు తల గోక్కున్నాడు. మనందరం ఎక్కడో ఒకచోట ఆ అవ్వ నిలబడ్డ చోటే నిలబడి ఉంటాం. బ్యాంకులో "సర్వర్ లేదు", కరెంటాఫీసులో "సిస్టంలో ఇట్లాగే చూపిస్తా ఉంది" అంటారు. వంతెన కూలితే కాంట్రాక్టరు ఎవరని అడుగుతాం. ఆపరేషన్ వికటిస్తే డాక్టరు ఎవరని అడుగుతాం. సాఫ్ట్‌వేర్ తప్పితే మాత్రం, వాన రాలేదన్నట్టు, ఎవరి ప్రమేయమూ లేనట్టు మాట్లాడతాం.

అవ్వ అడిగిన ప్రశ్నకు జవాబు వెతకడానికి ఆ ఒడ్డు దాటి పోనక్కర్లేదు. సముద్రం పక్కనే దక్షిణానికి పోతే, పులికాట్ సరస్సుకూ బంగాళాఖాతానికీ నడుమ శ్రీహరికోట వస్తుంది. అక్కడి రాకెట్ కేంద్రాన్ని ఈ చుట్టుపక్కల అందరూ "షార్" అనే అంటారు. 2022 జిల్లాల విభజనలో అది తిరుపతి జిల్లాలోకి పోయింది గానీ, నెల్లూరు వాళ్ళ నోట ఇంకా మన షారే. సాఫ్ట్‌వేర్ తప్పితే అక్కడ దాచడం కుదరదు. ప్రయోగం రోజు జాలర్లను వేటకు వెళ్ళొద్దంటారు. సూళ్ళూరుపేట దాకా జనం మేడలెక్కి ఆకాశంలోకే చూస్తుంటారు. రాకెట్ సముద్రంలో పడితే దేశం మొత్తానికి తెలిసిపోతుంది. తెలిశాక ఎందుకు పడిందో చెప్పక తప్పదు.

కలుజు లేని చెరువు

ముందు ఒక సంగతి తేల్చుకుందాం. కంప్యూటర్ తప్పు చేస్తుందా? భాగాలు చెడిపోవడం వేరే సంగతి. చెడిపోని కంప్యూటర్ చెప్పింది చెప్పినట్టు చేస్తుంది. చిక్కంతా మనం చెప్పడం మరిచిపోయిన చోట ఉంటుంది.

లెక్కల్లో ఈ మరుపు ఎలా ఉంటుందో దగ్గర నుంచి చూద్దాం. మనం కాగితం మీద ఎంత పెద్ద సంఖ్యనైనా రాసుకోవచ్చు, చోటు చాలకపోతే ఇంకో కాగితం తీసుకుంటాం. కంప్యూటర్ అలా కాదు. ప్రతి సంఖ్యకూ ముందే ఒక కొలపాత్ర కేటాయిస్తుంది. పాత పద్ధతి కొలపాత్రల్లో ఒకటి పదహారు గళ్ళది. అందులో సున్నాకు పైనున్నవీ, కిందున్నవీ రెండూ పట్టాలంటే, పట్టే అతి పెద్ద సంఖ్య 32,767. దానికి ఒకటి కలిపి అదే పాత్రలో పోస్తే 32,768 రాదు. చాలా యంత్రాల్లో మైనస్ 32,768 వస్తుంది. పాత స్కూటరు మీటరు 99,999 దాటగానే అయిదు సున్నాలు చూపించినట్టే. మీటరు సున్నాకు తిరిగితే నష్టం లేదు. రాకెట్‌ను నడిపే లెక్కలో "ముక్కు గట్టిగా పైకెత్తు" అన్నది ఒక్క క్షణంలో "గట్టిగా కిందికి దించు" అయిపోతే ఏమవుతుందో ఊహించండి.

ఇంజనీర్లు దీన్ని ఓవర్‌ఫ్లో అంటారు. మనం పొంగు అందాం. పొంగు కొత్త సంగతేమీ కాదు, నెల్లూరు సీమలో చెరువు కట్టిన ప్రతివాడికీ తెలుసు. కట్ట ఎంత బలంగా వేసినా, పట్టని నీళ్ళు పోవడానికి ఒక పక్కన రాతి కలుజు కడతారు. పదేళ్ళలో తొమ్మిదేళ్ళు కలుజు ఎండిపోయే ఉంటుంది, పిల్లలు దాని మీద కూచుని ఆడుకుంటారు. పదో ఏడు తుఫాను వస్తుంది. ఆ రాత్రి ఊరు నిలిచిందంటే కలుజు వల్లే. ప్రోగ్రాంలో కూడా ప్రతి పాత్రకూ ఒక కలుజు ఉండాలి: "ఈ హద్దు దాటితే హద్దు దగ్గరే ఆగు" అని ఒక్క వాక్యం. రాయడానికి అర నిమిషం పట్టదు. గుర్తుకు రావడమే కష్టం, ఎందుకంటే తొమ్మిదేళ్ళు అది లేకపోయినా అంతా బాగానే నడుస్తుంది.

మన ఇళ్ళల్లో చాలామందికి ఈ జబ్బు ఇంకో పేరుతో తెలుసు. సంవత్సరాన్ని నాలుగంకెల్లో కాక రెండంకెల్లో రాసి చోటు మిగుల్చుకున్న పాత ప్రోగ్రాములు, 99 తర్వాత 00 రాగానే 1900 అనుకుంటాయని 1990ల చివర్లో ప్రపంచమంతా భయపడింది. వైటూకే అన్నది అదే. అమీర్‌పేటలో కోర్సు చేసి, ఆ పాత ప్రోగ్రాములు సరిచేయడానికి అమెరికా విమానమెక్కిన తెలుగు కుర్రవాళ్ళు ఎందరో. ఎవరో కట్టడం మరిచిపోయిన కలుజు, మన పల్లెల్లో కొన్ని డాబాలు లేపింది.

బంగాళాఖాతంలో పడ్డ ఒక్క వాక్యం

1993 సెప్టెంబరు 20. పీఎస్ఎల్‌వీ తొలిసారి శ్రీహరికోట నుంచి లేచింది. 44 మీటర్ల ఎత్తు, దాని కొసన 846 కిలోల ఐఆర్ఎస్-1ఈ ఉపగ్రహం. మొదటి అంచె బాగా పనిచేసింది. రెండోది కూడా బాగానే మండింది. రెండో అంచె విడిపోయి మూడోది అందుకోవాల్సిన సమయంలో తేడా వచ్చింది. అయిపోయిన అంచెను వెనక్కి లాగాల్సిన చిన్న రాకెట్లు అనుకున్నట్టు పనిచేయలేదు. రాకెట్ కుదుపుకు లోనై ఒరిగింది.

ఒరిగితే నిలబెట్టడానికే గదా లోపల కంప్యూటర్ ఉన్నది! ఎంత ఒరిగిందో కొలిచింది, నిలబెట్టడానికి ఎంత బలం కావాలో లెక్కగట్టింది. ఒరగడం ఎక్కువ గనక ఆజ్ఞ కూడా పెద్దదే అయింది. అనుమతించిన గరిష్ఠ హద్దును దాటింది. సరిగ్గా అక్కడ, ముక్కును పైకీ కిందికీ ఆడించే లెక్కలో, ఒక ప్రోగ్రాం పొరపాటు దాక్కుని ఉంది. ఆజ్ఞ హద్దు లోపల ఉన్నంతసేపూ ఆ పొరపాటు కనిపించదు. హద్దు దాటితేనే బయటపడుతుంది. రాకెట్ అదుపు తప్పింది. కక్ష్యకు కావలసిన వేగం అందక, నేల వదిలిన దాదాపు 700 సెకన్లకు ఉపగ్రహంతో సహా బంగాళాఖాతంలో పడింది.

ఒక్క ఒరగడంతోనో, ఒక్క ప్రోగ్రాం పొరపాటుతోనో ఆ రాకెట్ పడిందని చెప్పలేం. కుదుపు లేకపోతే పొరపాటు ఇంకొన్నేళ్ళు నిద్రపోతూ ఉండేది. పొరపాటు లేకపోతే రాకెట్ కుదుపును తట్టుకునే అవకాశం ఉండేది. తుఫానూ రావాలి, కలుజూ లేకపోవాలి. పెద్ద ప్రమాదాలు చాలావరకు ఇలా రెండు చేతులు కలిస్తేనే జరుగుతాయి. అందుకే "ఒక్క మనిషి పేరు చెప్పండి" అని నిలదీయడం వల్ల పెద్దగా ఒరిగేది ఉండదు.

మరి బాధ్యత ఎక్కడుంది? ప్రోగ్రాం రాసినవాడు హద్దు సంగతి మరిచాడు. నిజమే, మనిషి మరుస్తాడు. రాసింది చదివి చూసినవారూ పట్టుకోలేదు. పరీక్షల్లో రాకెట్‌ను అంతగా ఒరగనిచ్చి చూసి ఉంటే పొరపాటు దొరికేదే. ఒక మరుపు సముద్రం దాకా పోవాలంటే ఇన్ని గడపలు దాటాలి. వృత్తి ప్రమాణం అంటే ఆ గడపలే. ఏ గడప దగ్గరా మనిషి దేవుడై ఉండాలని అది కోరదు. ప్రతి గడప దగ్గరా ఒక మనిషి ఉండాలని మాత్రం కోరుతుంది.

విచారణ సంఘం కారణం తేల్చింది. లోపాలు సరిచేశారు. 1994 అక్టోబరు 15న రెండో పీఎస్ఎల్‌వీ ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టింది. తర్వాత చంద్రయాన్-1నూ, మంగళయాన్‌నూ, 2017లో ఒకే ప్రయోగంలో 104 ఉపగ్రహాలనూ మోసింది ఆ రాకెట్ సంతతే.

ఈ పాఠం ప్రపంచమంతా నేర్చుకుని ఉంటుందనుకుంటాం. మూడేళ్ళు తిరక్కుండా, 1996 జూన్ 4న, ఐరోపా వాళ్ళ కొత్త రాకెట్ ఏరియేన్-5 దక్షిణ అమెరికా ఒడ్డున కూరూ నుంచి లేచి 40 సెకన్లలోపే పేలిపోయింది. కారణం మళ్ళీ పొంగే. పక్కకు వెళ్ళే వేగానికి సంబంధించిన ఒక పెద్ద సంఖ్యను పదహారు గళ్ళ పాత్రలో పోయబోయారు. ఆ ప్రోగ్రాం పాత ఏరియేన్-4 నుంచి తెచ్చింది. పాత రాకెట్ అంత వేగంగా పక్కకు పోదు కాబట్టి అక్కడ ఎన్నడూ పొంగలేదు. ఒకటి చెడితే ఇంకొకటి ఉండాలని రెండు పరికరాలు పెట్టారు గానీ, రెండింటిలోనూ ఉన్నది అదే ప్రోగ్రాం. ఒకే తప్పును రెండుసార్లు రాసుకుంటే ఒప్పు కాదు గదా. గణితవేత్త జాక్-లూయీ లియోన్స్ నాయకత్వంలో విచారణ సంఘం నెలన్నర రోజుల్లో నివేదిక ఇచ్చి, దాన్ని లోకం ముందు పెట్టింది. ఇంజనీరింగ్ పాఠాల్లో నేటికీ అది చదువుతున్నారు.

ఆపమన్న కంప్యూటర్

1993లో కంప్యూటర్‌కు చెప్పవలసింది చెప్పలేదు. అంతకు పద్నాలుగేళ్ళ ముందు ఇదే ఒడ్డున దానికి పూర్తిగా ఎదురు కథ జరిగింది. కంప్యూటర్ చెప్పింది, మనుషులు వినలేదు.

1979 ఆగస్టు 10. ఎస్ఎల్‌వీ-3 తొలి ప్రయోగం. ప్రాజెక్టు నడిపిస్తున్నది ఏపీజే అబ్దుల్ కలాం. కౌంట్‌డౌన్ చివరి ఘట్టంలో కంప్యూటర్ ఆగమంది. అదుపు వ్యవస్థలో ద్రవం కారుతోందని సూచన. చుట్టూ ఉన్న నిపుణులు లెక్కలు చూసి, నిల్వ చాలినంత ఉంది, ఫరవాలేదన్నారు. కలాం కంప్యూటర్‌ను పక్కనపెట్టి ప్రయోగించారు. రెండో అంచెలో అదుపు తప్పి రాకెట్ సముద్రం పాలైంది. ఈ సంగతి దాచకుండా, ఆ నిర్ణయం తనదేనని చెబుతూ, కలాం జీవితాంతం పిల్లలకూ పెద్దలకూ వినిపించారు.

ఆ రోజు విలేఖరుల ముందుకు వెళ్ళింది మాత్రం ఇస్రో అధిపతి సతీష్ ధావన్. వైఫల్యాన్ని తన మీద వేసుకున్నారు. మరుసటి ఏడు, 1980 జూలై 18న రోహిణి ఉపగ్రహం కక్ష్యలోకి చేరినప్పుడు, మాట్లాడమని కలాంను ముందుకు పంపారు. ఈ కథను పెద్దమనిషి తరహాకు ఉదాహరణగా చెప్పుకుంటాం. అందులో ఇంకో సగం ఉంది. ధావన్ బయట నింద మోస్తున్న సమయంలోనే, లోపల ఇంజనీర్లు తప్పును తవ్వుకుంటూ పోయి, మలినం అడ్డుపడి మూసుకోని ఒక వాల్వు దాకా వెళ్ళారు. బయటి బాధ్యత ఒకటి, లోపలి బాధ్యత ఒకటి. మొదటిది మాత్రమే ఉంటే మంచి ప్రసంగం మిగులుతుంది. రెండోది మాత్రమే ఉంటే ఫైలు బీరువాలో మిగులుతుంది.

2001 మార్చి 28న జీఎస్ఎల్‌వీ తొలి ప్రయోగంలో మళ్ళీ అలాంటి ఘడియే వచ్చింది. పక్కనున్న నాలుగు ఇంజన్లు అంటుకున్నాయి. వాటిలో ఒకటి చాలినంత బలం అందుకోలేదని కంప్యూటర్ గమనించి, రాకెట్ లేవడానికి ఒక్క సెకను ముందు అన్నింటినీ ఆపేసింది. ఈసారి అడ్డుకునే వ్యవధి ఎవరికీ లేదు. కానీ ఆ ఒక్క సెకను నిర్ణయాన్ని మిషను సొంతంగా తీసుకోలేదు. ఎంత బలం కన్నా తగ్గితే ఆపాలో ముందుగా కూర్చుని, వాదించుకుని, రాసిపెట్టింది మనుషులే. మిషను వాళ్ళ మాట నిలబెట్టింది. మూడు వారాల తర్వాత, ఏప్రిల్ 18న, అదే రాకెట్ ఎగిరింది.

కాపలావాడే పొరబడితే

అయితే కాపలా ఎక్కువ పెడితే సరిపోతుందా? 2022 ఆగస్టు 7న ఎస్ఎస్ఎల్‌వీ అనే చిన్న రాకెట్ తొలిసారి ఎగిరింది. మూడు ఘన ఇంధన అంచెలూ చక్కగా మండాయి. అయినా ఉపగ్రహాలు దక్కలేదు. అందులో ఒకటైన ఆజాదీశాట్ తయారీలో 75 బడులకు చెందిన 750 మంది ఆడపిల్లల చేతులున్నాయి.

రాకెట్ ఎంత జోరుగా పోతోందో చెప్పే కొలసాధనాలు లోపల ఉంటాయి. ఏదైనా చెడితే కనిపెట్టి, దాని మాట వినకుండా చేసే కాపలా ప్రోగ్రాం కూడా ఉంటుంది. రెండో అంచె విడిపోయినప్పుడు కొద్దిసేపు గట్టి కంపనం వచ్చింది. కొలతలన్నీ అదిరాయి. కాపలా ప్రోగ్రాం వాటిని చూసి, సాధనాలు చెడిపోయాయని తీర్మానించింది. నిజానికి అవి బాగానే ఉన్నాయి. పిడుగు పడ్డప్పుడు సాక్షులంతా ఒక్కసారి ఉలిక్కిపడితే, వీళ్ళంతా అబద్ధాలకోర్లని కోర్టు కొట్టేసినట్టయింది. సాక్ష్యం లేకుండా గుడ్డిగా సాగిన రాకెట్, 356 కిలోమీటర్ల గుండ్రటి కక్ష్యలో పెట్టాల్సిన ఉపగ్రహాలను, ఒక పక్క 76 కిలోమీటర్లకే దిగే కోడిగుడ్డు కక్ష్యలో వదిలింది. అంత కిందికొస్తే గాలి లాగేస్తుంది.

ఇస్రో ఆ రోజే ఉపగ్రహాలు పనికిరావని, కారణం ఇలాంటిదని బహిరంగంగా ప్రకటించింది. తర్వాత వివరమైన కారణాన్నీ, చేసిన మార్పులనూ వెల్లడించింది. అంచె విడిపోయే పద్ధతి మార్చారు, కాపలా ప్రోగ్రాం తర్కాన్ని సవరించారు. 2023 ఫిబ్రవరి 10న రెండో ప్రయోగం ఫలించింది.

లైసెన్సు లేని పని

ఇక నేల మీదికి వద్దాం. ఆటో నడపాలంటే లైసెన్సు కావాలి. సూది వేయాలంటే, కోర్టులో వాదించాలంటే, కంపెనీ లెక్కలకు సంతకం పెట్టాలంటే ఏదో ఒక కౌన్సిల్ పట్టీలో పేరుండాలి. తప్పు చేస్తే ఆ పేరు కొట్టేస్తారు. బ్యాంకు డబ్బు లెక్కపెట్టే ప్రోగ్రాం రాయడానికి మన దేశంలో అలాంటి పట్టీ ఏదీ లేదు.

ప్రయత్నాలు జరగలేదని కాదు. "సాఫ్ట్‌వేర్ ఇంజనీరింగ్" అనే పేరును 1968లో జర్మనీలోని గార్మిష్ సమావేశం వాడుకలోకి తెచ్చింది, ఈ పనికి కూడా ఇంజనీరింగ్ క్రమశిక్షణ రావాలనే. 1999లో రెండు పెద్ద అంతర్జాతీయ సంఘాలు కలిసి ఎనిమిది సూత్రాల నీతి నియమావళి రాశాయి. అందులో మొదటి సూత్రం ప్రజాహితం, యజమాని హితం దాని తర్వాతే. అమెరికాలో 2013లో సాఫ్ట్‌వేర్ ఇంజనీర్లకు లైసెన్సు పరీక్ష పెట్టారు. అయిదుసార్లు జరిపితే రాసినవాళ్ళు మొత్తం 81 మంది. 2019 తర్వాత ఆపేశారు. చట్టం అడగని, ఉద్యోగమిచ్చేవాడు అడగని లైసెన్సు కోసం ఎవరు కూర్చుని చదువుతారు?

ప్రాణాల మీదికొచ్చే చోట మాత్రం కట్టడి ఉంది. విమానంలో కీలకమైన ప్రోగ్రాంకు, ప్రతి వాక్యం ఏ అవసరం కోసం రాశారో, దాన్ని ఏ పరీక్షలో చూశారో దారం పట్టుకుని చూపించాలి. రాసినవాడు కాక వేరొకరు సరిచూడాలి. ప్రామిసరీ నోటు మీద సాక్షి సంతకం లాంటిదే ఇది. అప్పు తీసుకున్నవాడే సాక్షి సంతకం కూడా పెడతానంటే ఒప్పుకుంటామా?

ఆ రెండో చెయ్యి లేకపోతే ఏమవుతుందో 2019 ఏప్రిల్‌లో తెలంగాణ చూసింది. ఇంటర్ ఫలితాల్లో మార్కులు తారుమారయ్యాయి. తెలుగులో 99 వచ్చిన ఒక అమ్మాయికి సున్నా పడింది. పలువురు పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. ప్రభుత్వం త్రిసభ్య సంఘం వేసి, తప్పినవాళ్ళందరి పేపర్లూ ఉచితంగా మళ్ళీ సరిచూడమంది. వెయ్యి మందికి పైగా పాసయ్యారు. ఆ సున్నా దగ్గర మార్కుల గడి దిద్దిన మనిషి చెయ్యి పొరబడిందన్నారు. కావచ్చు, చెయ్యి పొరబడుతుంది. కానీ మిగతా సబ్జెక్టుల్లో బాగా రాసిన పిల్లకు ఒక్క తెలుగులో సున్నా వస్తే, "ఇది నిజమేనా, ఎవరైనా చూడండి" అని ఏ గడప దగ్గరా ఎవరూ ఆపలేదు. మళ్ళీ సరిచూసేటప్పుడు ఇంకొక సంస్థ చేత కూడా సమాంతరంగా లెక్క కట్టించాలని సంఘం సూచించింది. సాక్షి సంతకం అప్పుడు గుర్తొచ్చింది.

పది వేళ్ళూ పడలేదు

రేషను దుకాణం దగ్గర అవ్వ ఇంకా నిలబడే ఉంది. ఆమె ప్రశ్నను ఇప్పుడు మూడు ముక్కలు చేసి అడగవచ్చు.

మిషను ఎవరికి పనిచేయాలో రాసినప్పుడు, ఉప్పుకు అరిగిన వేళ్ళుంటాయని ఎవరైనా రాశారా? దాన్ని ఎవరి వేళ్ళతో పరీక్షించారు? ఏసీ గదిలో కీబోర్డు మీద ఆడే పాతికేళ్ళ వేళ్ళతోనా, వల లాగిన అరవై ఏళ్ళ వేళ్ళతోనా? పడకపోతే బియ్యం ఎటునుంచి రావాలో ముందే దారి పెట్టారా? హద్దు దాటే సందర్భం అంటే రాకెట్లో అదొక సంఖ్య. ఇక్కడ అదొక మనిషి.

అలాంటివాళ్ళకు వీఆర్వో తన వేలిముద్ర వేసి సరుకు ఇప్పించే దారి ఆంధ్రప్రదేశ్‌లో తర్వాత పెట్టారు. కలుజు కట్టారు, కొందరు పస్తులున్నాక.

ఆ రోజు డీలరు అవ్వను ఉత్తి చేతులతో పంపాడు గానీ, పంపేముందు ఒక పని చేశాడు. బల్ల కింద నుంచి గీతల నోటుబుక్కు తీశాడు. కార్డు నంబరు రాశాడు. దాని పక్కన "పది వేళ్ళూ పడలేదు" అని రాసి, తేదీ వేసి, కింద తన సంతకం పెట్టాడు. అవ్వ ఆ కాగితం వైపు కాసేపు చూసింది. చదవడం రాదు. "నా పేరు గూడా రాయి" అంది.